చూసి దూకేది, చూడకుండా దూకేది

ఆయన పోయారన్న సంగతి నాకు మెయిల్లో తెలిసింది. న్యూజెర్సీలో ఆయన వెళ్ళే తెలుగు చర్చి సెక్రటరీ పంపారు. ఆయన అడ్రసు పుస్తకంలో దొరికినవాళ్ళందరికీ కలిపి ఒకటే ఉత్తరం పంపినట్టున్నారు. పైన చూస్తే నాతో కలిపి ఐదుగురం. శనివారం మధ్యాహ్నం ప్రార్థన ఉందనీ, వీలైనవాళ్ళు రావాలనీ రాశారు. కింద ఒక ఫొటో. మా ఆఫీసులో ఆయన చివరి రోజున తీసింది. వెనక నోటీసు బోర్డు, పక్కన ఎవరిదో సగం భుజం. ఎనిమిదేళ్ళ నాటి ఫొటో అది. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ ఫొటో తీయలేదన్నమాట.

ఇక్కడ కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో మా అబ్బాయిని స్కూల్లో దింపి, కారు స్టార్ట్ చేయకుండా పార్కింగ్‌లోనే కూర్చుని దాన్ని రెండుసార్లు చదివాను. మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఎవరు, మీ జంప్ సారేనా?" అన్నాడు.

"ఆయనే."

"పోయిరా. టికెట్ నేను బుక్ చేస్తా. బాబుని నేను చూసుకుంట."

ఆయన్ని మా ఆయన ఎన్నడూ చూడలేదు. నేను ఫోన్లో చెప్పిన కబుర్లు విని ఆ పేరు తనే పెట్టాడు.

నేను ఆ కంపెనీలో చేరేనాటికి అమెరికా వచ్చి మూడేళ్ళు. మా ఆయనకి డాలస్‌లో ప్రాజెక్టు, నాకు ఎడిసన్ దగ్గర ఉద్యోగం. ఆరు వారాలకోసారి కలిసేవాళ్ళం. కంపెనీ చిన్నది. అపార్ట్‌మెంట్ల బేస్‌మెంట్‌లో గోడకి బిగించే ఫైర్ అలారం పెట్టెలు తయారుచేసేది. ఎర్ర రంగు ఇనప పెట్టె, అందులో ఒక చిప్పు. ఆ చిప్పులో నడిచే ప్రోగ్రాం మొత్తం ఆయనొక్కరే రాశారు, అసెంబ్లీ భాషలో. అంటే యంత్రం వేసే ఒక్కొక్క అడుగునూ విడివిడిగా చెబుతూ రాసే భాష. దాన్ని అందరికీ తెలిసిన సి భాషలోకి మార్చడానికి నన్ను తీసుకున్నారు. మార్చడం పూర్తయితే ఆయన అవసరం ఉండదు. ఆ మాట ఇంటర్వ్యూలో మేనేజరు నాకు చెప్పలేదు. మొదటిరోజు ఆయనే చెప్పారు.

"నా కుర్చీలోకి వచ్చింది నువ్వేనా?" అన్నారు తెలుగులో. నేను బిత్తరపోవడం చూసి, "భయపడమాక. ఎవరో ఒకరు రావాల్సిందేగా. మనవాళ్ళే రావడం నయం. ఏ ఊరు?" అన్నారు.

"వరంగల్, అంకుల్."

"మాది బాపట్ల. ఆ అంకుల్ అనేది మాత్రం వద్దమ్మా. చర్చిలో పిల్లలంతా అంకులే అంటారు. వాళ్ళకి నా పేరు తెలీదు, నాకు వాళ్ళ పేర్లు తెలీదు."

"మరి ఏమనాలె?"

"పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేటప్పుడు సార్ అనేవాళ్ళు." ఆ మాట అంటున్నప్పుడు కొంచెం సిగ్గుపడ్డారు. అప్పటినుంచీ నాకాయన సార్.

సన్నగా, పొడుగ్గా ఉండేవారు. అరవై దగ్గర పడిన వయసు. చలికాలంలో కూడా పొట్టిచేతుల చొక్కానే, దానిమీద స్వెటరు. జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్ళు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కంప్యూటర్ తెరమీద ప్రోగ్రాం చదవడం ఆయనకి నచ్చదు. మొత్తం ప్రింటు తీసి, కాగితాలు ఒకదానికొకటి అతికించి, బల్లమీద చాప పరిచినట్టు పరిచేవారు. నా మొదటి పాఠం ఆ కాగితాల మీదే.

"యంత్రం ఒక్కో లైనూ చదువుకుంటా కిందకి పోతుంది. దానికి తెలిసిందంతా అదే. అది దారి మారాలంటే మనం దూకమనాలి. దూకడం రెండు రకాలు." నీలం పెన్సిలు తీశారు. "ఇది చూసి దూకేది. లెక్క సున్నా అయితే దూకు, కాకపోతే నీ దారిన నువ్వు పో. షరతు ఉంటది." పక్కన ఒక నీలం బాణం గీశారు. తర్వాత ఎర్ర పెన్సిలు. "ఇది చూడకుండా దూకేది. షరతు లేదు, ప్రశ్న లేదు. ఇక్కడికి రాగానే ఎగిరి అక్కడ పడాల్సిందే."

కాగితాల అంచు పొడుగునా నీలం బాణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఎర్రవి తక్కువ. కాని ప్రతి ఎర్ర బాణం దగ్గరా ప్రోగ్రాంలోనే ఒక చిన్న వాక్యం రాసి ఉంది, ఎందుకు దూకాల్సి వచ్చిందో.

"వీటికే ఎందుకు సార్ రాసిన్రు? నీలంవాటికి లేదు."

"చూసి దూకేదానికి కారణం దాంట్లోనే కనపడతది. చూడకుండా దూకేదానికి కారణం రాసినవాడి బుర్రలో ఉంటది. రాయకపోతే వెనకొచ్చేవాడికి ఎట్టా తెలుస్తది?"

షరతు లేని జంప్ రాయాల్సి వచ్చినప్పుడల్లా ఆయన కుర్చీలోంచి లేచేవారు. కిటికీ దాకా నడిచి, పార్కింగ్ లాట్‌ని కాసేపు చూసి, తిరిగొచ్చి కూర్చుని అప్పుడు రాసేవారు. ఆఫీసులో అమెరికన్లకి అది వేళాకోళం. ఆయన లేచారంటే "అదిగో, జంప్" అనేవారు. ఆయన చిన్నగా చెయ్యి ఊపి కిటికీ దగ్గరికి పోయేవారు.

మధ్యాహ్నాలు మేమిద్దరం కలిసి తినేవాళ్ళం. తన గురించి అడిగితే రెండు ముక్కలకి మించి చెప్పేవారు కాదు. భార్య నర్సు. ముందు ఆవిడ వచ్చారు, తర్వాత ఈయన. పిల్లలు లేరు. నేను చేరడానికి రెండేళ్ళ ముందు ఆవిడ పోయారు. కారు నడిపేది ఆవిడే కాబట్టి కారు కూడా ఇచ్చేశారు. రోజూ బస్సులో వచ్చేవారు. అయినా ఆయన డెస్కు మీదున్న చిన్న రేడియోలో ఎప్పుడూ ట్రాఫిక్ వార్తలే. ఏ వంతెన మీద ఎంతసేపు ఆలస్యం, ఏ ఎగ్జిట్ దగ్గర లారీ ఆగిపోయింది.

"మీరు డ్రైవ్ చెయ్యరు కద సార్. మీకెందుకిది?"

"ఎక్కడెక్కడ జనం ఆగిపోయారో చెప్తన్నారుగా. వింటా ఉంటే చుట్టూ మనుషులున్నట్టుంటది."

ఇంకో అలవాటు. శుక్రవారం సాయంత్రం నేను ఆయన్ని ఓక్ ట్రీ రోడ్డులో ఇండియన్ స్టోరు దగ్గర దింపేదాన్ని. లోపలికి వెళ్ళి కౌంటర్లో గుజరాతీ అమ్మాయిని తాటిముంజలు వచ్చాయా అని అడిగేవారు. ప్రతి వారం. ఆ అమ్మాయికి అవేమిటో తెలియదు. ఆయన రెండు చేతులూ గుండ్రంగా పెట్టి, తాటికాయ కోయడం, బొటనవేలితో ముంజ పైకి తీయడం, నీళ్ళు చిమ్మితే మొహం తిప్పుకోవడం, అన్నీ చేసి చూపించేవారు. ఆ అమ్మాయి నవ్వేది. పక్కన నిలబడినవాళ్ళూ ఒకటీ అరా మాట కలిపేవారు. ఒక శుక్రవారం ఆ అమ్మాయి సంబరంగా ఫ్రీజర్ తెరిచి ఒక పాకెట్ తీసి చేతిలో పెట్టింది. ఐస్ ముక్కల్లా గట్టిగా ఉన్న ముంజలు. ఆయన థాంక్స్ చెప్పి కొన్నారు. కారులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఇంటిదాకా దానివైపే చూస్తూ కూర్చున్నారు. మళ్ళీ వారం ఏం అడగాలో ఆయనకి తోచలేదని నాకు చాలా రోజుల తర్వాత అర్థమైంది.

ఆ శీతాకాలంలోనే నాకది కనపడింది.

పెట్టె చేసే పని చెప్పుకోవడానికి సులువు. బిల్డింగులో ఒక్కో అంతస్తుకీ ఒక వైరు. పెట్టె మొదటి అంతస్తు వైరు చూస్తుంది. పొగ ఉంటే గంట కొడుతుంది. వైరే తెగిపోయి ఉంటే పసుపు దీపం వెలిగించి కూత పెడుతుంది. ఏమీ లేకపోతే రెండో అంతస్తుకి, తర్వాత మూడో అంతస్తుకి, అలా పైదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వస్తుంది. ఆగకుండా అదే పని. నేను ఒక్కో బాణం పట్టుకుని మారుస్తూ వస్తున్నాను. వైరు తెగినప్పుడు పసుపు దీపం వెలిగించే చోట చివర్లో ఒక ఎర్ర బాణం ఉంది. అది పై అంతస్తుకి పోవాలి. పోలేదు. నేరుగా మొదటి అంతస్తుకి దూకింది.

అంటే ఏ బిల్డింగులోనైనా మూడో అంతస్తు వైరు తెగిందనుకుందాం. పెట్టె ఒకటి చూస్తుంది, రెండు చూస్తుంది, మూడు చూసి దీపం వెలిగించి మళ్ళీ ఒకటికి దూకుతుంది. వైరు బాగుచేసేదాకా అంతే. నాలుగు నుంచి పైన ఏం తగలబడినా దానికి తెలియదు. పరీక్షలన్నీ వేటికవి విడిగా చేశారు. పొగ పెట్టి చూశారు, వైరు కోసి చూశారు. రెండూ కలిపి ఎవరూ చూడలేదు.

ఆ బాణం పక్కన ఆయన రాసిన కారణం ఉంది. లోపం తెలిపాము, ఇక మొదటినుంచి తాజాగా చూడాలి అని. పధ్నాలుగేళ్ళ కిందట రాసింది.

నేనెవరికీ చెప్పలేదు. నా గ్రీన్ కార్డు కాగితాల మీద సంతకం పెట్టాల్సింది ఆ మేనేజరే. ఉన్నవాటి జోలికి పోకుండా త్వరగా మార్చమని చెప్పిన మనిషి ఆయన. పైగా చెబితే పోయేది సార్ పరువు. కొత్త ప్రోగ్రాంలో సరిగ్గా రాసేసి ఊరుకుంటే ఏ గొడవా ఉండదనుకున్నాను. అలా మూడు రోజులు గడిచాయి. నాలుగోరోజు మధ్యాహ్నం ఆయన డబ్బా మూత తీస్తూ అడిగారు.

"నువ్వు నా మొహం చూడక మూడు రోజులైంది. ఏం దొరికింది?"

కాగితం తెచ్చి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి కాగితం దగ్గరగా పెట్టుకున్నారు. వేలు ఆ ఎర్ర బాణం వెంట పైకి వెళ్ళి మొదటి అంతస్తు దగ్గర ఆగింది. మళ్ళీ కిందకి వచ్చింది. మళ్ళీ పైకి వెళ్ళింది.

"నేనే," అన్నారు. "లేచి కిటికీ దాకా పోయొచ్చే రాసుంటాను గదమ్మా ఇది. అయినా ఇట్టా రాశానే."

అన్నం తినలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచారు. "మేనేజర్ దగ్గరికి పోతన్నా. దీన్ని పట్టుకుంది నువ్వు. నీ పేరు చెప్పనా?"

నేను తల వంచుకున్నాను.

"సరే," అన్నారు, మామూలుగానే. లోపలికి వెళ్ళి, పాత కాగితాలు తిరగేస్తుంటే తనకే కనపడిందని చెప్పారు. అద్దం తలుపు సగం తెరిచే ఉంది కాబట్టి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. మేనేజరు చాలాసేపు తల పట్టుకున్నాడు. పధ్నాలుగేళ్ళలో ఒక్క కంప్లయింట్ కూడా రాలేదు కదా అన్నాడు. "కంప్లయింట్ చేయాల్సినవాళ్ళు పై అంతస్తుల్లో ఉన్నారు. వాళ్ళకేం తెలుసు?" అన్నారు సార్. ఆయన గొంతు పెంచి ఇంగ్లిషు మాట్లాడగా వినడం అదొక్కసారే.

నా పేరు బయటికి రానందుకు ఆ సాయంత్రం నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి ఇప్పటికీ గుర్తుంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కాని, ఉంది.

కంపెనీ తప్పు ఒప్పుకుని అందరికీ ఉత్తరాలు రాసింది. సర్వీసు కాంట్రాక్టు ఉన్న బిల్డింగులకి మనుషుల్ని పంపి చిప్పులు మార్పించింది. మిగిలినవి పాత బిల్డింగులు, కాంట్రాక్టు ఎప్పుడో అయిపోయినవి, చేతులు మారినవి. వాటికి ఉత్తరం వెళ్ళింది, జవాబు రాలేదు. అక్కడితో తమ బాధ్యత తీరిందని కంపెనీ అనుకుంది. సార్ అనుకోలేదు. ఆ జాబితా, ఒక అనుమతి పత్రం, సంచీ నిండా కొత్త చిప్పులు అడిగి తీసుకున్నారు. శని, ఆదివారాలు తన సొంత టైములో మారుస్తానన్నారు. బస్సుల్లో వెళ్దామని రూట్లు కూడా రాసుకున్నారు.

"నేను డ్రైవ్ చేస్త సార్," అన్నాను.

"నీకెందుకమ్మా, సెలవు రోజున."

"డాలస్ ఆరు వారాలకోసారే కద. మిగతా శనివారాలు నేనేం చెయ్యాలె?"

అలా వసంతం నుంచి ఎండాకాలం చివరిదాకా శనివారాలు ఆయనతో తిరిగాను. ఆదివారాలు మాత్రం చర్చి అయ్యాక ఒక్కరే బస్సులో వెళ్ళేవారు. ప్రతిచోటా ఒకటే తంతు. బిల్డింగు చూసుకునే సూపరింటెండెంటుని పిలవడం, ఆయన విసుక్కుంటూ తాళాలు తేవడం, బేస్‌మెంట్‌లో బాయిలర్ పక్కన ఎర్ర పెట్టె. సార్ కరెంటు ఆపి, పాత చిప్పు పీకి, దూదిలో పెట్టి, కొత్తది నొక్కేవారు. తర్వాత ఒక వైరు ఊడదీసేవారు. నేను పై అంతస్తుకి వెళ్ళి, పరీక్ష కోసం తెచ్చిన పొగ డబ్బాతో సీలింగు అలారం మీద పొగ కొట్టేదాన్ని. గంట మోగేది. తలుపులు తెరుచుకునేవి, పిల్లలు చెవులు మూసుకుని బయటికి వచ్చేవారు. నేను ఫోన్ చేసి "మోగింది సార్" అనేదాన్ని. "ఇంకోసారి కొట్టు" అనేవారు. ప్రతిచోటా రెండోసారి కొట్టించేవారు.

తెగిన వైరున్న బిల్డింగు ఒక్కటి కూడా తగలకుండా చాలా వారాలు గడిచాయి. ఆయన మొహం తేటపడింది. తిరుగుదారిలో రేడియోలో చెప్పే ట్రాఫిక్‌లోనే మేమూ ఇరుక్కుంటే, "ఇవాళ మన గురించే చెప్తన్నారు" అని నవ్వేవారు.

ఆగస్టులో ఒక ఎనిమిదంతస్తుల ఇటుకల బిల్డింగుకి వెళ్ళాం. బేస్‌మెంట్‌లో పెట్టె మీద ఒకచోట నల్ల టేపు అతికించి ఉంది. సార్ గోరుతో టేపు లేపారు. కింద పసుపు దీపం వెలుగుతోంది.

"అది నేను రాకముందు నుంచీ వెలుగుతోంది," అన్నాడు సూపరింటెండెంటు. "కూత భరించలేక ఎవరో బజర్ కోసేశారు. వెలుతురు చికాగ్గా ఉందని నేను టేపు వేశాను."

"నువ్వొచ్చి ఎన్నాళ్ళు?"

"ఆరేళ్ళు."

తెగింది మూడో అంతస్తు వైరు. పై ఐదు అంతస్తులూ కనీసం ఆరేళ్ళు ఎవరి లెక్కలోనూ లేవు. సార్ అక్కడే మెట్టు మీద కూర్చున్నారు. నేను నీళ్ళ సీసా ఇస్తే పట్టుకున్నారు గాని తాగలేదు. కాసేపటికి లేచి, వైరు ఎక్కడ తెగిందో వెతికి కలిపారు. చిప్పు మార్చారు. రెండుసార్లు గంట మోగించాం. అంతా సరిగ్గా ఉంది. ఇక పోదామనుకుంటే ఆయన లిఫ్టు ఎక్కకుండా మెట్లవైపు నడిచారు.

నాలుగో అంతస్తు. వరండా ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచారు. ఒక తలుపు వెనక టీవీ, ఇంకో తలుపు వెనక ఏదో వేగుతున్న వాసన, స్పానిష్‌లో ఎవరో పిల్లాణ్ణి కేకలేస్తున్నారు. ఐదో అంతస్తులో ఒక గుమ్మం ముందు మూడు జతల చిన్న చెప్పులు. ఆయన వాటి దగ్గర ఆగి చూసి, ముందుకి కదిలారు.

ఆరో అంతస్తులో వరండా చివర నిలబడి, ఇంకేమీ తోచనట్టు ఒక తలుపు తట్టారు.

"సార్, ఎవరింట్లోకి? ఏం చెప్తరు?" అన్నాను భయంగా.

తలుపు తెరిచింది ఒక నల్లజాతి పెద్దాయన. డెబ్బై దాటి ఉంటాయి. సస్పెండర్లు, చేతిలో భూతద్దం. మమ్మల్ని ఎగాదిగా చూసి, "బల్బు మార్చేది నువ్వేనా? మూడు వారాల నుంచి చెప్తున్నాను," అన్నాడు.

సార్ చేతిలోని సంచీ కింద పెట్టారు. "అవును, నేనే," అన్నారు. నావైపు తిరిగి, "నువ్వు కారులో కూర్చోమ్మా. ఐదు నిమిషాల్లో వస్తా."

నలభై నిమిషాలు పట్టింది. వచ్చి సీటు బెల్టు పెట్టుకుని, "బల్బు మార్చా," అన్నారు. అంతకంటే ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ ఏడాది చివర్లో నా పని పూర్తయింది. అనుకున్నదానికంటే ముందే ఆయన్ని పంపించేశారు. కేకు కోశారు, ఫొటో తీశారు. మేనేజరు నాలుగు మంచి మాటలు చెప్పాడు గాని ఆయన కళ్ళలోకి చూడలేదు. సార్ కాగితాలన్నీ చుట్టి రబ్బరు బ్యాండు వేసి నాకిచ్చారు. రెండేళ్ళకి నా గ్రీన్ కార్డు వచ్చింది. మా ఆయనా నేనూ శాన్ రామన్‌లో ఇల్లు తీసుకున్నాం. సార్ ఏటా జనవరి ఒకటిన ఫోన్ చేసేవారు. మొదట్లో గంటసేపు మాట్లాడుకునేవాళ్ళం. ఒక్కరూ ఎలా ఉంటున్నారని అడిగితే, "ఏదో ఉన్నాలే. శనివారాలు కొంచెం పనుంటది," అనేవారు. పాత అలవాటు కొద్దీ అలా అంటున్నారనుకున్నాను. బాబు పుట్టాక నాలుగు జనవరిలు నేనే ఆయన ఫోన్ ఎత్తలేదు. తర్వాత చేద్దామనుకునేదాన్ని. వాయిస్ మెయిల్లో ఆయన ప్రతిసారీ ఒకటే అనేవారు. "ఏం లేదమ్మా. ఊరికే చేశా."

చర్చి హాల్లో ఆ శనివారం ఓ ఇరవై మంది దాకా ఉన్నారు. పాస్టరు గారు ఆయన్ని నెమ్మదస్తుడు అన్నారు, వెనక వరసలో కూర్చునేవారన్నారు, ఇంకేం చెప్పాలో తెలియక బైబిలు తెరిచారు. తెలుగులో రెండు కీర్తనలు పాడారు. నా పక్క వరసలో ఒక అమెరికన్ పెద్దాయన, పాతకాలపు సూటు, పాట పుస్తకం తలకిందులుగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ మొహం ఎక్కడో చూసినట్టుంది. సూటు కింద సస్పెండర్లు కనపడ్డాక గుర్తొచ్చింది.

ప్రార్థన అయ్యాక నేనే వెళ్ళి పలకరించాను. ఆ రోజు గుమ్మంలో నన్ను చూసిన సంగతి ఆయనకి గుర్తులేదు. కానీ నేనెవరో తెలుసు.

"కారు నడిపిన అమ్మాయివి నువ్వేనా? నీ గురించి చెప్పేవాడు. తన తప్పు పట్టుకున్న ఒకే ఒక్క మనిషివని."

ఆయనే చెప్పుకుపోయాడు. ఎనిమిదేళ్ళు ప్రతి శనివారం వచ్చేవాడట. ఇద్దరూ కూర్చుని టీవీలో బేస్‌బాల్ చూసేవాళ్ళట. ఆట మీ స్నేహితుడికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు అన్నాడు. వచ్చిన వెంటనే కుర్చీ ఎక్కి వంటింట్లో పొగ అలారం బటన్ నొక్కేవాడట. ఒకసారి కాదు, రెండుసార్లు. "నా చెవులు పోయాయి వాడివల్ల." రెండు వారాల కిందట శనివారం రాలేదు. ఫోన్ ఎత్తలేదు. మర్నాడు ఈయనే రెండు బస్సులు మారి సార్ ఇంటికి వెళ్ళి, అపార్ట్‌మెంట్ మేనేజరుతో పోట్లాడి తలుపు తీయించాడు. కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నాడు అన్నాడు.

నేనిక ఉండబట్టలేక అడిగాను. "ఆ మొదటిరోజు మీ తలుపు ఎందుకు తట్టారో ఎప్పుడైనా చెప్పారా?"

"ఎందుకు చెప్పలేదు? బల్బు మార్చి, కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. నా తప్పువల్ల ఆరేళ్ళు మీ అంతస్తుని ఎవరూ చూడలేదు, క్షమించండి అని."

"మీరేమన్నారు?"

"అప్పటికి నా భార్య పోయి తొమ్మిదేళ్ళు. అదే చెప్పాను. అయ్యా, నీ ఆరేళ్ళకి ముందు మూడేళ్ళు కూడా నన్నెవరూ చూడలేదు, అందులో నీ తప్పేం లేదు అన్నాను." ఆయన జేబురుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అప్పుడు కూర్చున్నాడు. కాఫీ ఇచ్చాను."

బయట వాన మొదలైంది. ఆయన బస్సుకి వెళతానన్నాడు. నా రెంటల్ కారులో దింపుతానన్నాను. దారిలో ఎక్కడ కుడి, ఎక్కడ ఎడమ అని ఆయన చెబుతూ వచ్చాడు. ఇటుకల బిల్డింగు ముందు ఆపితే దిగకుండా అలాగే కూర్చున్నాడు. వాన అద్దం మీద పడుతోంది.

"నీ విమానం ఎన్నింటికి?"

"ఇంకా నాలుగు గంటలుంది."

"ఆట ఐదు నిమిషాల్లో మొదలవుతుంది," అన్నాడు ముందుకే చూస్తూ. "నీకు తెలియకపోయినా ఫర్వాలేదు."

ఆయన్ని గుమ్మం ముందు దింపి, పార్కింగ్ కోసం వీధి చుట్టూ తిరిగాను.